గాజుల కొట్టుకి దారి

"తలుపు తియ్యవే నిఖిలా! లోపలేం చేస్తున్నావు అంతసేపు?"

ప్రభావతి బాత్‌రూము తలుపు మీద అరచేత్తో బాదింది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఉలుకూ పలుకూ లేదు.

"కౌశల్‌కి ఫోన్ చెయ్యమంటావా? చేసేస్తున్నా చూడు!"

ఆ మాటకి నీళ్లు ఆగాయి. గడియ తీసిన చప్పుడైంది. ముందు సబ్బు వాసన వచ్చింది, వెనకాలే కోడలు వచ్చింది. మోచేతుల దాకా నురగ. తొమ్మిదో నెల పడిన కడుపు మీద నైటీ తడిసి అతుక్కుపోయింది. మొహం రాత్రికీ ఇప్పటికీ ఉబ్బిపోయి, కళ్లు లోపలికి పోయినట్టున్నాయి.

"ఏం లేదత్తయ్యా. గాజులు కొంచెం బిగిశాయి. సబ్బు రాస్తే వస్తాయేమోనని చూస్తున్నా."

కొంచెమా! ప్రభావతి ఆ చేతులు చూసి నిలువునా నీరైపోయింది. మొన్న సీమంతం నాడు గలగలా మోచేతి దాకా ఆడిన గాజులవి. సెరంగూన్ రోడ్డులో కొట్టున్న గాజుల గురునాథం పెట్టె పట్టుకుని ఇంటికొచ్చి, ఒక్కటీ చిట్లకుండా ఎక్కించి వెళ్లాడు. ఇప్పుడు అటూ ఇటూ చర్మం పొంగి వాటిని మింగేస్తోంది. సబ్బుతో రుద్దీ రుద్దీ మణికట్టు ఎర్రగా కందిపోయింది.

"ఓసి నీ మొండితనం తగలెయ్య! ఇది కొంచెమేమిటే? చేతులకి నీరొచ్చేసింది. డాక్టరమ్మ ఏం చెప్పింది? బీపీ పెరుగుతోంది, చేతులూ మొహం ఉబ్బినా, తలనొప్పి వచ్చినా, కళ్లు మసకేసినా ఆ క్షణమే రమ్మందా లేదా? తలనొప్పిగా ఉందా?"

"లేదు."

"కళ్లు?"

"బాగానే ఉన్నాయి. మీరు ఊరికే కంగారు పడకండి."

బాగానే ఉన్నాయిట. పట్టపగలు హాల్లో కర్టెన్లన్నీ వేసుకుని, లైటు వెయ్యనివ్వకుండా పొద్దున్నుంచీ చీకట్లో కూర్చున్న మనిషి! వంటింటి చెత్తబుట్టలో తలనొప్పి మాత్రల ఖాళీ అట్ట కనిపించింది. మాత్రలు మింగింది కొడుకు కౌశల్ అనుకుందామంటే వాడు ఇంట్లో ఉంటేగా! సింగపూర్ శివారు బుకిట్ బటోక్‌లో ఈ ఫ్లాటుకి అద్దె కడుతున్నాడన్న మాటే గానీ కాపురం ఆఫీసులోనే.

"పద. చీర మార్చుకుని వస్తాను, ఆసుపత్రికి పోదాం."

"నేను రాను."

"రానంటే?"

"రానంటే రాను." నిఖిల గోడ పట్టుకుని మెల్లిగా నడిచి సోఫాలో కూలబడింది. "అక్కడికి వెళితే ఏం చేస్తారో నాకు తెలుసు. పోయినసారి విజయవాడలో ఇలాగే తలనొప్పని నోరు జారాను. బీపీ అన్నారు, తల్లికి ప్రమాదం అన్నారు, పొద్దుగూకేసరికి కోసి తీసేశారు. ఏమైందత్తయ్యా? ఊపిరి తీసుకోవడం రాని పిల్లని తీసి అద్దాల పెట్టెలో పెట్టారు. మర్నాటికి ఆ పెట్టె ఖాళీ అయిపోయింది."

ప్రభావతికి తెలుసు. ఆ పిల్లని తనూ చూసింది. పేరు పెట్టే వేళ కూడా ఇవ్వకుండా పోయింది చిట్టితల్లి. ఆ తర్వాత కౌశల్‌కి సింగపూర్ ఉద్యోగం వచ్చి మొగుడూ పెళ్లాలు ఇక్కడికి వచ్చేశారు. ఆ పిల్ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"అప్పుడు నోరు మూసుకుని ఉంటే నా కూతురు బతికేది. ఈసారి వీణ్ని ఎన్నాళ్లు లోపల ఉంచగలిగితే అన్నాళ్లు ఉంచుకుంటాను. నా తల పగిలిపోయినా సరే, ఎవరికీ చెప్పను."

"అయితే తలనొప్పి ఉందన్నమాట."

నిఖిల పెదవి కొరుక్కుంది.

"పిచ్చిదానా! నీకేమన్నా అయితే లోపలున్నవాడు మాత్రం ఉంటాడుటే? అప్పుడు ఏడో నెల కూడా నిండలేదు. ఇప్పుడు తొమ్మిదిలో పడ్డావు. వాడు తెములుకున్నాడు. దానికీ దీనికీ సాపత్యమేమిటి?"

"మీకు తెలీదులెండి."

"నేను మాత్రం కన్నదాన్ని కాదూ?"

"కన్నారు. ఎత్తుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఖాళీ చేతుల్తో గుమ్మం ఎక్కితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

ప్రభావతి లోపలికెళ్లి తువ్వాలు తడిపి తెచ్చింది. కందిపోయిన మణికట్టు మీద వేద్దామని వంగింది.

"వద్దత్తయ్యా! గాజులు ముట్టుకోకండి!"

నిఖిల చెయ్యి లాగేసుకుంది. అన్నాక గానీ ఏమందో ఆ పిల్లకీ తెలిసినట్టు లేదు. తువ్వాలులోంచి నీళ్లు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

మొగుడు పోయిన దగ్గర్నుంచీ ప్రభావతి ఎవరి పేరంటానికీ ముందుకెళ్లి నిలబడలేదు. మొన్న కోడలి సీమంతానికి కూడా వంటింట్లో అరిసెలు వత్తుకుంటూ కూర్చుంది. హాల్లో ఆడవాళ్లు గాజులు తొడిగి, అక్షింతలు వేసి, పాటలు పాడారు. ఆవిణ్ని ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. మనవడికి మంచి జరిగితే చాలు, నేనెక్కడుంటేనేం అని నూనె మూకుడులోకి చూస్తూ తనకి తనే చెప్పుకుంది. ఇవాళ ఆ మాట ఈ పిల్ల నోటి నుంచే వచ్చింది.

"నేను ఆ ఉద్దేశంతో అనలేదత్తయ్యా. నొప్పిగా ఉండి..."

"సర్లే."

"నిజంగా."

"సర్లే అన్నాగా."

ప్రభావతి తువ్వాలు ముద్ద చేసి పక్కన పడేసి ఫోను దగ్గరికి నడిచింది. కౌశల్ ఓ బ్యాంకు కంప్యూటర్ల గదిలో పనిచేస్తున్నాడు. ఇంకో నెల పోతే రెండువేల సంవత్సరం వస్తుందిట, కంప్యూటర్లన్నీ తేదీ తెలీక తల్లకిందులైపోతాయిట. ఆ గొడవతో పగలూ రాత్రీ అక్కడే.

"అమ్మా, తొందరగా చెప్పు. మెషీన్లలో తేదీలు ముందుకి జరిపి టెస్టింగ్ చేస్తున్నాం. మా మేనేజరు నెత్తి మీద నిలబడి ఉన్నాడు."

అక్కడ అప్పుడే వచ్చే సంవత్సరం వచ్చేసిందన్నమాట. ఇక్కడ ఈ పూట గడిస్తే చాలు భగవంతుడా అని తను ఏడుస్తోంది!

"నాన్నా, నువ్వు వెంటనే రా. దీని చేతులకి నీరొచ్చేసింది, తల పగిలిపోతోందంటోంది. ఆసుపత్రికి రమ్మంటే..."

వెనక నుంచి చెయ్యొచ్చి ఫోను లాక్కుంది. నిఖిల గొంతులో అంతలోకే తేనె ఎక్కడి నుంచి వచ్చిందో!

"ఏం లేదండీ. ఎండకి చేతులు కొంచెం ఉబ్బాయి. అత్తయ్యగారు ఊరికే బెంగ పడుతున్నారు. మీరు పని చూసుకోండి. ఆ, తిన్నాను. తలనొప్పా? అబ్బే, లేదు. ఇస్తున్నా ఉండండి."

ఫోను మళ్లీ చేతికొచ్చింది.

"అమ్మా, దాన్ని భయపెట్టకు. భయానికే బీపీ పెరుగుతుంది. పోయినసారి సంగతి నీకు తెలుసు కదా. దాని మనసు కష్టపెట్టకుండా చూసుకో. సాయంత్రం వచ్చి నేను చూస్తాను."

"సాయంత్రం దాకా ఆగేది కాదురా..."

అవతల పెట్టేశాడు. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది! పెళ్లాం బాగున్నానంటే బాగున్నట్టే. అమ్మకి ఛాదస్తం. నిజమే, ఛాదస్తమే! చూస్తూ చూస్తూ మనిషిని పోగొట్టుకోలేని ఛాదస్తం.

ప్రభావతి కళ్లొత్తుకుని బయటి వరండాలోకి వచ్చింది. పక్కింటి పాపమ్మ వెదురు గెడకి బట్టలు తగిలిస్తోంది. తెల్లవాళ్ల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీ మేస్త్రీ మనవరాలామె. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు మాట్లాడుతుంది గానీ దాన్లోకి అరవమూ మలయూ వాటంతటవే వచ్చి పడుతుంటాయి.

"ఏటయింది ప్రభావతమ్మా? మొకం అలాగుందేటి? మాకాన్ తిన్నారా లేదా?"

తిండి మాట అడిగేసరికి ప్రభావతికి దుఃఖం ఆగలేదు. గోడ వైపు తిరిగి గబగబా అంతా చెప్పేసింది. పాపమ్మ గెడ పక్కన పెట్టింది.

"అయ్యయ్యో! రొంబ డేంజర్ లా అది! మా అమ్మాయి సుధామణికీ ఇలాగే అయింది. అంబులెన్సు పిలుద్దుం, ఉండు."

"అంబులెన్సు చప్పుడు వింటే గదిలోకి పోయి గడియ వేసుకుంటుందండీ. ఇందాకే బాత్‌రూములో వేసుకుంది. మళ్లీ వేసుకుని లోపల పడిపోతే తలుపు ఎవరు బద్దలు కొడతారు?"

అంతలో లోపలి నుంచి నిఖిల పిలిచింది. "పాపమ్మ ఆంటీ! గురునాథంగారి కొట్టు ఇవాళ తీసుంటుందా?"

"ఎందుకమ్మా?"

"ఆయనైతే పగలకుండా తీసేస్తారుగా. ఇవి తీయించుకుని కొంచెం పెద్ద సైజువి తొడిగించుకుంటాను. పురుడయ్యేదాకా చేతులు బోసిగా ఉండకూడదు కదా."

పాపమ్మ ప్రభావతి వంక చూసింది. ప్రభావతి రెప్ప వెయ్యకుండా ఆలోచించింది. ఆవిడ జన్మలో కోడలికి అబద్ధం చెప్పి ఎరగదు. కోడలికే ఏమిటి, కూరగాయల వాడితో బేరానికి కూడా చెప్పి ఎరగదు.

"తీసే ఉంటుంది తల్లీ," అంది గొంతు పెంచి. "పద, ముగ్గురం టాక్సీలో పోయి వచ్చేద్దాం. ఎంతలోకి!"

"నిజంగా వస్తారా అత్తయ్యా?"

ఆ గొంతులో సంతోషం విని ప్రభావతి తల వంచుకుంది. నిఖిల మెల్లిగా లేచి గదిలోకి వెళ్లి చీర చుట్టుకుంది, జుట్టు దువ్వుకుంది. బొట్టు ఓ పక్కకి ఒరిగింది. సరిచేద్దామని చెయ్యెత్తి, మళ్లీ గాజుల మాట గుర్తొచ్చి ప్రభావతి చెయ్యి దించేసుకుంది.

లిఫ్టు దగ్గర పాపమ్మ వెనక్కి ఉండి చెవిలో అడిగింది. "టాక్సీవోడికి ఎక్కడికని చెప్పాల?"

"ఆసుపత్రికి."

"చూసుకో ప్రభావతమ్మా. అబద్ధం చెప్పి తీసుకుపోతన్నాం. అక్కడ వాళ్లు బిడ్డని తీసేస్తారు. ఆ బిడ్డకేటయినా అయితే నీ కోడలు జల్మలో నీ మొకం చూడదు. నీ కొడుకూ చూడడు. అంతా నువ్వే చేసావంటారు."

ప్రభావతికి ఆ సంగతి తెలీకపోలేదు. ఆ పిల్లకి ఇంకోసారి ఖాళీ చేతులైతే అవి తను ఖాళీ చేసినట్టే అవుతుంది. పెనిమిటి పోయినావిడ పక్కన కూర్చుని మరీ తీసుకుపోయిందని అనేవాళ్లు అంటారు.

"చూడకపోతే మానె. వాళ్లంతా బతికుండి నా మొహం చూడకపోతే నాకు అంతకన్నా కావలసిందేమిటి? లిఫ్టు వచ్చింది, ఎక్కండి."

టాక్సీలో పాపమ్మ ముందు కూర్చుని డ్రైవరుతో మలయూలో గొణిగింది. అతను అద్దంలోంచి వెనక్కి ఓసారి చూసి, మారుమాట్లాడకుండా బండి తీశాడు. నిఖిల తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. ఆదివారం ఆదివారం కరివేపాకుకీ కందిపప్పుకీ మొగుడితో సెరంగూన్ రోడ్డుకి వెళ్లొచ్చే పిల్ల. ఈ దారి ఆమెకి కొట్టినపిండి. కళ్లు తెరిచిందా, అంతే సంగతులు. టాక్సీ ఆపించి దిగిపోతుంది. ఆ పట్టుదల ఎలాంటిదో ప్రభావతికి తెలుసు.

పెద్ద రోడ్డెక్కాక టాక్సీ ఎడమకి తిరిగింది. గాజుల కొట్టు అటు కాదు. ప్రభావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టి, రెండో పాదానికే తప్పుపోయి మళ్లీ మొదలెట్టింది.

"అత్తయ్యా."

"ఆఁ!"

"ఇందాక అలా అన్నందుకు కోపం వచ్చిందా?"

"నీ మీద కోపమేమిటే."

"నాకు తల్లి దగ్గర లేదు కదా. మా అమ్మకి వీసా వచ్చుంటే ఆవిడ మీద అరిచేదాన్ని. మీరున్నారు కాబట్టి మీ మీద అరిచాను." నిఖిల కళ్లు తెరవకుండానే నవ్వింది. "ఆకుపచ్చవి వేయించుకోనా, ఎర్రవా?"

"నీ ఇష్టం తల్లీ."

"కాదు, మీరే చెప్పండి. అసలు కొట్లో మీరే ఎంచి ఇవ్వండి. మీ చేత్తో."

ప్రభావతి సీమంతం నాడు ఆ ఒక్క మాట కోసం వంటింటి గుమ్మం వైపు ఎన్నిసార్లు చూసిందో! వచ్చింది, తీరా ఇప్పుడొచ్చింది.

"ఆకుపచ్చవి," అంది ఎలాగో.

"చూడండి, వీడు ఎలా తంతున్నాడో. గాజులంటే వీడికీ సంబరమే." నిఖిల చెయ్యి సీటు మీద అటూ ఇటూ తడుముకుంది. ఎదురుగానే ఉన్న ప్రభావతి చేతిని దాటిపోయి, మళ్లీ వెనక్కొచ్చి పట్టుకుని, కడుపు మీద పెట్టుకుంది. లోపల చిన్న మడమ ఒకటి అరచేతికి గట్టిగా తగిలింది. ప్రభావతి ఏడుపు ఆపుకోవడానికి పళ్లు బిగించింది. నిజం చెప్పేద్దామా? చెప్పి, కాళ్లు పట్టుకుని అయినా ఒప్పిద్దామా? ఒప్పుకోకపోతే?

సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడింది. టాక్సీ ఆగింది. ఎదురుగా ఆసుపత్రి గేటు. తెల్ల గోడ మీద మనిషంత అక్షరాలు. గేటు పక్కనే నెత్తి మీద లైటు తిరుగుతున్న అంబులెన్సు. ఇంగ్లీషు రాని ప్రభావతికి కూడా ఆ గోడ ఏమిటో తెలుసు. మొన్న శుక్రవారం తనూ నిఖిలా పరీక్షకి ఇక్కడికే వచ్చారు.

సరిగ్గా అప్పుడే నిఖిల తల ఎత్తి కళ్లు తెరిచింది. ముందు అద్దంలోంచి తిన్నగా ఆ గోడ వైపే చూసింది.

అయిపోయింది అనుకుంది ప్రభావతి. అరుస్తుంది. తలుపు తెరుస్తుంది. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని కాచుక్కూర్చుంది.

"ఇంకా ఎంత దూరమత్తయ్యా?"

"వచ్చేశాం. వచ్చేశాం తల్లీ."

అమ్మయ్య! చూడలేదు. ప్రభావతి పట్టు వదిలి ఊపిరి పీల్చుకుంది. దేవుడు చల్లగా చూశాడు, చూడలేదు.

చూడలేదా?

అంత గోడని, అంత అక్షరాల్ని, తిరిగే ఎర్ర లైటుని ఎదురుగా పెట్టుకుని చూడకపోవడమేమిటి?

ప్రభావతి కోడలి వైపు తిరిగింది. తెరిచిన కళ్లు అటే నిలబడి ఉన్నాయి. చేతి వేళ్లు విప్పి ఆ కళ్ల ముందు మెల్లిగా అటూ ఇటూ ఆడించింది. రెప్ప పడలేదు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచిన నడక, పక్కకి ఒరిగిన బొట్టు, ఇందాక సీటంతా తడుముకున్న చెయ్యి... తను చూస్తూనే ఉంది. చూసి కూడా తెలుసుకోలేకపోయింది.

"పాపమ్మగారూ," అంది. "తొందరగా పోనివ్వమనండి."

దీపం మారింది. టాక్సీ గేటు దాటి పోర్టికోలో ఆగింది. పాపమ్మ దిగి గట్టిగా ఏదో అరిచింది. చక్రాల కుర్చీ తోసుకుంటూ నీలం చొక్కా మనిషి ఒకడు పరిగెత్తుకొచ్చి, నిఖిల వైపు తలుపు తెరిచి వంగి నిలబడ్డాడు.

నిఖిల అతని వైపు మొహం తిప్పింది. పరిచయమున్న మనిషిని చూసినట్టు నవ్వి, ఉబ్బిన చేతులు రెండూ ముందుకి చాచింది.

"బిగిసిపోయాయి గురునాథంగారూ. మెల్లిగా తియ్యండి, ఒక్కటి కూడా చిట్లకూడదు."

అతనికి తెలుగు రాదు. ఆ చేతుల వంకా ప్రభావతి వంకా మార్చి మార్చి చూశాడు.

"మాట్లాడరేమిటండీ?" అంది నిఖిల, చేతులు చాచి అలాగే నవ్వుతూ.